పాలారు గట్టున రెండు రోజులు

ఉగాది సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంఘ కార్యదర్శిగారు సంక్రాంతి నాటి నుండి అడుగుతూనే ఉన్నారు. మేము కవులము కాము. రైల్వే గుమాస్తాకు వ్రాత అంటే పట్టీలు, రసీదులు, నెలాఖరు లెక్కలు. అయితే మా ఇంటిలో ఒక పాత ఫొటో ఉన్నది. మా తాతగారు ఆగ్ఫా క్లిక్ పెట్టెతో తీసినది. నదిలో మోకాలిలోతు నీళ్ళు, ఒడ్డున తడిచీర కొంగు పిండుకొంటున్న మా నాయనమ్మ, వెనుక ఒక కొండ. ఫొటో వెనుకవైపున పెన్సిలుతో "పాలారు, పండుగ మరునాడు" అని మాత్రము ఉన్నది. ఏ ఊరో లేదు, ఏ పండుగో లేదు.

ఇంటికి వెల్ల వేయించునప్పుడు ఆ ఫొటో మా పెద్దవాని కంట పడినది. వాడు ఆరవ తరగతి. "నాన్నా, ఇది పాలారు అయితే ఇన్ని నీళ్ళెక్కడివి?" అని అడిగినాడు. మాకు జవాబు తోచలేదు. శని, ఆదివారములు రెస్టు కలిసి వచ్చినందున, మేము, మా బావమరిది, పెద్దవాడు, ముగ్గురము కెమెరా తీసికొని ఆ చోటు వెదకుటకు బయలుదేరినాము. తిరుపత్తూరు నుండి వేలూరు వరకు నది వెంబడి ఉన్న చిన్న ఊళ్ళు చూచుకొంటూ పోవుట మా ఉద్దేశము. చూచినదానిలో కొంత, చదివినదానిలో కొంత ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట తిరుపత్తూరు. మన తెలుగు ప్రయాణికులకు ఈ పేరుతో ఒక చిక్కు ఉన్నది. రైల్వే లెక్కలో తిరుపత్తూరు గుర్తు టి.పి.టి., తిరుపతి గుర్తు టి.పి.టి.వై. ఆ 'వై' ఒక్కటి జారితే వేంకటేశ్వరస్వామి దర్శనమునకు పోవలసినవారు ఏలగిరి కొండ క్రింద దిగవలసి వచ్చును. కౌంటరులో కూర్చున్నవారికి ఇది నవ్వులాట కాదు. ఇక ఊరి పేరుకు పది పుణ్యస్థలముల ఊరని అర్థము చెప్పుకొంటారు.

నిజము చెప్పవలెనంటే తిరుపత్తూరు పాలారు ఊరు కాదు. దీని నీరు పాంబారులో పడి, దక్షిణమునకు పోయి, పెన్నయారులో కలియును. అయినా మేము అక్కడనే మొదలుపెట్టినాము. అందుకు కారణము తెలుగువారు ఎరిగిన ఒక దొర. 1792లో శ్రీరంగపట్టణము సంధి జరిగి టిప్పు సుల్తాను బారామహలును కుంపిణీకి వదులుకొన్నప్పుడు, ఈ సీమకు మొదటి కలెక్టరుగా వచ్చిన కెప్టెను అలెగ్జాండరు రీడు తిరుపత్తూరునే ముఖ్యపట్టణముగా చేసికొన్నాడు. ఆయన క్రింద పనిచేసిన అసిస్టెంట్లలో ఒకడు థామస్ మన్రో. పొలము వెంట పొలము తిరిగి, రైతు పేరునే పన్ను కట్టు రైత్వారీ పద్ధతికి పునాది ఈ సీమలోనే పడినది. 1799 వరకు ఇక్కడ నేర్చిన పనినే మన్రో 1800 మొదలు 1807 వరకు దత్తమండలములలో చేసినాడు. 1827లో పత్తికొండలో కలరా తగిలి పోయినాడు. మన రాయలసీమవారు మండ్రోలయ్య అని పిలుచుకొన్న ఆయన చదువుకొన్న బడి ఈ బారామహలే. మన తాతముత్తాతల పట్టాల వెనుక తిరుపత్తూరు కచ్చేరి లెక్కలున్నవని మా బావమరిది అన్నాడు. ఆ మాట మాకు నచ్చినది.

ఈ ఊరు కదలకుండానే దాని జిల్లాలు కదలినవి. చాలకాలము సేలము జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటులో కొంత పోగా, తిరుపత్తూరు తాలూకాను తెచ్చి అందులో కలిపినారు. 1989లో ఉత్తర ఆర్కాటు రెండైనది. తరువాత వేలూరు జిల్లా. 2019లో తిరుపత్తూరే ఒక జిల్లా. గంధపు చెక్కల డిపో, 1921లో స్థాపించిన క్రీస్తుకుల ఆశ్రమము, పెద్ద చెరువు, ఇవి చూచి పది ఫొటోలు తీసినాము. వెలుతురు మంచిది కాదు, రెండే బాగుగా వచ్చినవి.

ఫొటోల మాట వచ్చినది గనుక ఒక సంగతి. 1856లో మద్రాసు గవర్నమెంటువారు లిన్నియస్ ట్రైప్ అను సైనికోద్యోగిని ప్రత్యేకముగా ఫొటోలు తీయుటకు నియమించినారు. ఆయన ఎడ్లబండ్లలో పెద్ద పెట్టెలు, మందునీళ్ళు, మైనము పట్టించిన కాగితములు వేసికొని దక్షిణదేశము తిరిగినాడు. 1858లో రాయకోట, సేలము జిల్లా దృశ్యములని ఒక ఆల్బము వెలువడినది. అప్పటికి తిరుపత్తూరు సేలములోనిదే. 1860 నాటికి ఖర్చు తగ్గించుటకు ఆ ఉద్యోగము తీసివేసినారు. ఖర్చు తగ్గింపు అనునది నిన్న మొన్నటి జబ్బు కాదన్నమాట.

మరుక్షణము రైలు సంగతి చెప్పకపోతే మా ఆఫీసువారు ఊరుకోరు. 1856 జూలై 1న రాయపురము నుండి ఆర్కాటు వద్ద వాలాజా రోడ్డుకు దక్షిణదేశపు మొదటి ప్రయాణికుల రైలు నడిచినది. అక్కడి నుండి ఆ దారి పాలారు లోయనే పట్టుకొని పడమరకు వచ్చి 1860 నాటికి తిరుపత్తూరు చేరినది. 1864లో జోలార్‌పేట నుండి బెంగుళూరు కంటోన్మెంటుకు చీలిక వేసినారు. మన కుటుంబములలో ఎన్నో ఈ దారి వెంటనే ఉద్యోగములకు వచ్చి నిలిచిపోయినవి. మా తాతగారును అంతే.

వాణియంబాడికి ప్యాసింజరులో పోయి, అక్కడి నుండి ఆటో మాట్లాడుకొని పుల్లూరు చేరినాము. పాలారు తమిళనాడులో అడుగుపెట్టుచోటు ఇది. నది కర్ణాటకములో నందికొండల వైపున పుట్టి అక్కడ 93 కిలోమీటర్లు, మన కుప్పము సీమలో 33, తమిళనాడులో 222, మొత్తము 348 కిలోమీటర్లు పారి వయలూరు వద్ద సముద్రములో కలియును. సరిహద్దులో కనకనాచ్చియమ్మ గుడి ఉన్నది. ఆ ప్రక్కనే చెక్‌డ్యాము. 2016లో ఆంధ్రప్రదేశమువారు దాని ఎత్తు 5 అడుగుల నుండి 12 అడుగులకు పెంచినారు. తమిళనాడులో పెద్ద అలజడి అయినది. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వముల మధ్య జరిగిన ఒడంబడికలో పాలారు పేరు కూడ ఉన్నదనియు, క్రింది రాష్ట్రపు సమ్మతి లేక పైన కట్టరాదనియు వీరి వాదము. మా రైతులకు ఎండాకాలము గ్రుక్కెడు నీళ్ళు నిలుపుకొనవద్దా అని వారి వాదము. కుప్పము వద్ద ఆనకట్ట గురించి 2006లోనే వ్యవహారము సుప్రీము కోర్టుకు ఎక్కినది.

మా పెద్దవాడు గోడ మీద నిలబడి, "నాన్నా, ఇటువైపు నీళ్ళు మనవా, అటువైపు నీళ్ళు మనవా?" అన్నాడు. మాటలాడునది తెలుగు, త్రాగునది ఈ గట్టు నీరు. మేము ఫొటో తీయు నెపముతో ప్రక్కకు తిరిగినాము. గుడిలో మాత్రము ఆ తగవు లేదు. కుప్పము నుండి వచ్చినవారు, వాణియంబాడి నుండి వచ్చినవారు ఒకే పళ్ళెములో కుంకుమ పెట్టుకొంటున్నారు.

వాణియంబాడిలో ఒక రాతి స్తంభము చూడవలసినది. 1903 నవంబరులో ఎగువ మైసూరు సీమలో చెరువులు తెగి, పాలారు ఒక్కసారిగా ఊరి మీద పడినది. ఎంతోమంది ప్రాణములు పోయినవి, ఇళ్ళు కొట్టుకొనిపోయినవి. ఆ జ్ఞాపకార్థము నిలిపిన స్తంభము అది. దానిని చూచి, వెంటనే నది వద్దకు పోయి చూచితే నమ్మబుద్ధి కాదు. ఇసుక, సర్కారు తుమ్మ, చెత్త. నడిమధ్య మురుగు పాయ ఒకటి. మిట్టమధ్యాహ్నపు ఇసుకకు కెమెరా తట్టుకొనలేక ఫొటోలన్నీ తెల్లబోయినవి. ఏలగిరి కొండ పొడుగు. మా ఫొటోలోని కొండ పొట్టి. కనుక చోటు ఇది కాదని తేల్చుకొన్నాము.

ఆంబూరు చేరుసరికి సాయంకాలము. అద్దము పెట్టి చూస్తే మా ఫొటోలో కొండ మీద గోడ వంటి గీత ఒకటి కనపడును. ఆంబూరు కొండ మీద దుర్గము ఉన్నది గనుక ఇదే అయి ఉండవచ్చునని ఆశపడినాము. ఈ కొండ క్రింద 1749 ఆగస్టు 3న జరిగిన యుద్ధములో ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ ఏనుగు మీదనే హతుడైనాడు. చందా సాహెబు, ముజఫర్ జంగు ఒక ప్రక్క. వారికి తోడు ఫ్రెంచి సిపాయిలు. వారితో బుస్సీ అను యువ సేనాని ఉన్నాడు. బుస్సీ పేరు వినగానే తెలుగువాడు ఉలికిపడును. ఎనిమిదేళ్ళు పూర్తిగా తిరుగకముందే, 1757 జనవరి 24న, బొబ్బిలి కోట ముందు ఫిరంగులు నిలిపినది ఆ బుస్సీయే. ఆంబూరు కొండ క్రింద అలవాటైన ఆట బొబ్బిలిలో ఆడినాడు. 1767లో ఇదే కోటను హైదరాలీ ముట్టడించగా కెప్టెను కాల్వర్టు కాపాడుకొన్నాడు.

కొండ ఆకారము కలియలేదు. మా బావమరిది మూడుచోట్ల నుండి చూచి పెదవి విరిచినాడు. ఆంబూరు బిర్యానీ తిని రాత్రికి ఒక లాడ్జిలో పడుకొన్నాము. బిర్యానీ గురించి వ్రాస్తే వ్యాసము అక్కడనే ఆగిపోవును.

మరునాడు తెల్లవారి ఆంబూరు వద్ద నది చూచినాము. ఇక్కడి తోళ్ళ పరిశ్రమ పాతది. పూర్వము తంగేడు బెరడుతో తోళ్ళు ఊనేవారు. తంగేడు మన బతుకమ్మలో పేర్చే పువ్వుదే. 1972లో సీతారామయ్య కమిటీ, సగము పదును చేసిన తోళ్ళను విదేశములకు పంపుట తగ్గించి, పూర్తిగా తయారైన సరకునే పంపవలెనని చెప్పినది. దేశమునకు విదేశ ద్రవ్యము వచ్చినది. ఇక్కడికి క్రోము ఉప్పులు వచ్చినవి. కిలో తోలుకు సుమారు 35 లీటర్ల నీరు కావలెను, ఆ నీరు తిరిగి నదికే పోవును. వేలూరు పౌరుల సంక్షేమ వేదికవారు వేసిన దావాలో సుప్రీము కోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పినది. ఈ ప్రాంతమున దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పాడైనదని ఆ తీర్పులో ఉన్నది. పాడుచేసినవారే సొమ్ము చెల్లించవలెనను న్యాయము ఈ దేశములో గట్టిపడినది ఈ నది పేరనే. 2025 జనవరిలో అదే కోర్టు మళ్ళీ పాలారు సంగతి విచారించి, నష్టపరిహారము ఇవ్వవలెననియు, నదిని బాగుచేయుటకు కమిటీ వేయవలెననియు ఆజ్ఞాపించినది. రెండు తీర్పుల మధ్య ఇరువది ఎనిమిది సంవత్సరములు. చెప్పుల కర్మాగారముల బస్సులలో పనికి పోవు ఆడపిల్లలను చూచినాము. వారి ఇండ్లలో పొయ్యి వెలుగునది ఆ పనితోనే. వారి ఊరి బావులలో ఉప్పునీరు ఊరునది ఆ పనితోనే. మా కాళ్ళకు ఉన్నవి ఆంబూరు చెప్పులే.

గుడియాత్తము స్టేషను ఊరికి చాల ఎడము. ఆటోవాడు మా మాటలు విని, "తెలుగోళ్ళా సార్?" అని తానే తెలుగులో అందుకొన్నాడు. ఊరు పాలారు గట్టున కాక, పలమనేరు కొండల వైపు నుండి వచ్చి పాలారులో కలియు కౌండిన్య గట్టున ఉన్నది. లుంగీలు, అగ్గిపెట్టెలు ఇక్కడి పనులు. 1954లో ఈ ఊరికి ఒక గౌరవము దక్కినది. ఆంధ్ర రాష్ట్రము విడిపోయిన ఆరు నెలలకు, ఏప్రిలు 13న, కామరాజుగారు మద్రాసు ముఖ్యమంత్రి అయినారు. శాసనసభలో సభ్యత్వము లేదు. అప్పుడు ఉపఎన్నికకు నిలబడి గెలిచినది గుడియాత్తములోనే.

ఏటి గట్టున గంగమ్మ గుడి. వైశాఖమున, అనగా మే నెల నడుమ, అమ్మవారి శిరస్సును ఊరేగించి తెచ్చి మొండెమునకు అమర్చు సిరసు పండుగ ఇక్కడ గొప్పగా జరుగును. చిత్తూరు సీమ నుండి బండ్లు కట్టుకొని వచ్చేవారని గుడి అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ చెప్పినది. ఆమెకు ఫొటో చూపినాము. కంటికి దగ్గరగా పెట్టుకొని, "ఇది మా యేరు కాదు నాయనా. ఆ కొండ మీద కోటగోడ ఉండాది చూడు, రాయవేలూరు కొండ అది. మా పుట్టినిల్లు అక్కడే" అన్నది. తరువాత మా నాయనమ్మ ముఖము చూచి, "ఎవరి బిడ్డో, చీరకట్టు మనదే" అన్నది.

ఆమె వద్దనే 2021 నవంబరు వరద సంగతి విన్నాము. మోర్ధాన డ్యాము పొర్లి కౌండిన్య నిండుగా వచ్చినది. గట్టున కట్టుకొన్న ఇళ్ళు పోయినవి. అదే వారములో పేర్ణాంబట్టులో ఇంటిగోడ కూలి తొమ్మిదిమంది పోయినారు. పాలారు కూడ ఎన్నో ఏండ్లకు గట్లు ఒరసికొని పారినది. పిల్లలకు నది అంటే ఏమో ఆ నాలుగు రోజులే తెలిసినది. మావాడు అప్పుడు చాల చిన్న. వానికి జ్ఞాపకము లేదు.

ముసలమ్మ వానిని దగ్గరకు తీసికొని, గుడిలో ఎవరో సున్నముతో తెలుగులో వ్రాసిన పేర్లు చదువమన్నది. వాడు తెల్లముఖము వేసినాడు. 2006 చట్టము ప్రకారము ఇక్కడ ఒకటవ తరగతి నుండి తమిళము తప్పనిసరి. నివసించు నేల భాష నేర్వకూడదని మేము అనము, మేమును దానితోనే అన్నము తింటున్నాము. కాని మావాడు చదివిన బడిలో ఉన్న ఒక్క తెలుగు పీరియడును ఎత్తివేసినప్పుడు మేము ఒక అర్జీ అయినా పెట్టలేదు. డ్యూటీ అన్నాము, తీరిక లేదన్నాము. ముసలమ్మ ఒక్కొక్క అక్షరము మీద వ్రేలు పెట్టి చదివి వినిపించినది. ఆమె మూడవ తరగతి మాత్రమే చదివినదట.

మధ్యాహ్నము రాయవేలూరు చేరినాము. పాత తెలుగువారికి ఇది రాయవేలూరే. కోట కట్టినది విజయనగర సామంతులైన చిన్న బొమ్మినాయకుడు, తిమ్మారెడ్డి. అప్పయ్య దీక్షితులకు కనకాభిషేకము చేసినది ఆ బొమ్మినాయకుడే. తళ్ళికోట తరువాత అరవీటి రాయలు పెనుగొండ విడిచి, చంద్రగిరి వచ్చి, 1600 దాటిన తరువాత వేలూరు చేరినారు. 1614లో వేంకటపతిదేవరాయలు పోగానే ఈ కోటలోనే ఘోరము జరిగినది. వారసుడైన శ్రీరంగరాయలను, భార్యాబిడ్డలను జగ్గరాయలు చెరలో పెట్టి చంపించినాడు. ఒక్క బిడ్డను మాత్రము వెలుగోటి యాచమనాయకుడు చాకలివాని మూటలో పెట్టించి కోట దాటించినాడు. ఆ బిడ్డే రామదేవరాయలు. వెంకటగిరి వారి పూర్వీకుడు యాచమనాయకుడు, తంజావూరు రఘునాథనాయకుడు కలిసి తోపూరు వద్ద జగ్గరాయలను చంపి ఆ బిడ్డకు రాజ్యమిచ్చినారు. ఒక మూట బట్టలలో మన రాజ్యము ఈ కందకము దాటినదని మావానికి చెప్పితే, వాడు ఏ ద్వారము నుండి అని అడిగి, ద్వారము ఫొటో తానే తీసినాడు.

1806 జూలై 10 సిపాయిల తిరుగుబాటు సంగతి అందరు ఎరిగినదే. జలకంఠేశ్వరుని గుడి కొన్ని శతాబ్దములు స్వామి లేకుండ ఉండి, 1981 మార్చిలో మరల ప్రతిష్ఠ పొందినది. కల్యాణమంటపపు స్తంభముల వద్ద మా బావమరిది ఒక గంట గడిపినాడు.

కాని మమ్ము ఆపినది కోట కాదు. పాలారు గట్టున ముత్తుమండపమని ఒకటి ఉన్నది. అందులో సింహళద్వీపపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుని సమాధి. మధుర నుండి పిల్లనిచ్చి పుచ్చుకొన్న నాయకరాజుల వంశము వారిది, తెలుగు మూలము. సింహళ రాజులకు సంతు లేకపోగా 1739లో కండి సింహాసనము ఆ వంశమునకు వచ్చినది. 1815లో ఆంగ్లేయులు రాజ్యము తీసికొని, రాజును కుటుంబముతో పట్టి, 1816లో వేలూరు కోటలో పెట్టినారు. పదునారేండ్లు చెరలో ఉండి 1832 జనవరిలో ఇక్కడనే పోయినాడు. మండపము కట్టి తెరచినది 1990లో. అంతవరకు నది ఒడ్డున ఊరక ఉన్న సమాధులవి. తండ్రులు తెలుగు సీమ విడిచినారు, తాతలు మధుర విడిచినారు, తాను లంక విడిచినాడు. చూచిపోవువారు తక్కువ. కావలివాడు పూలు లేవని నొచ్చుకొని, గన్నేరు కోసి తెచ్చి ఇచ్చినాడు.

మండపము దాటి నదిలోనికి దిగి వెనుదిరిగి చూచితిమి. ఎదుట వేలూరు కొండ, మీద కోటగోడ, అదే వంపు. మా బావమరిది పాత ఫొటో చేత పట్టుకొని పది అడుగులు ఎడమకు, నాలుగు వెనుకకు జరిగి, "ఇక్కడనే బావా" అన్నాడు. తాతగారు కెమెరా పట్టుకొని నిలిచిన చోటికి వెనుకనే ఆ రాజు సమాధి. ఆయనకు తెలిసి ఉండదు. తెలిసి ఉంటే వెనుకవైపున వ్రాసి ఉండేవారు.

నాయనమ్మ నిలిచిన చోట తుమ్మమొక్కలు, విరిగిన సిమెంటు గొట్టము. వాడు అక్కడనే నిలబడినాడు. కొంగు పిండినట్టు చొక్కా అంచు పట్టుకొమ్మంటే సిగ్గుపడినాడు, కాని పట్టుకొన్నాడు. నాలుగున్నర ఎండ ప్రక్క నుండి పడి కొండ స్పష్టముగా వచ్చినది.

కాట్పాడిలో రైలు గంట ఆలస్యము. వారము తరువాత ఫొటోలు కాగితము మీద వేయించి, ఒకటి గుడియాత్తము ముసలమ్మకు పంపినాము. మనవాని ఫొటో వెనుకవైపున వాడు తమిళములో "పాలారు, వేలూరు" అని వ్రాసినాడు. క్రింద తెలుగులో మేము చుక్కలు పెట్టి ఇస్తే, వాటి మీద దిద్దినాడు. 'ళ' వ్రాయవలసిన చోటు కాదు, అయినా వ్రాసినాడు, కొట్టివేసి 'ల' దిద్దినాడు. రెండు ఫొటోలను కార్యదర్శిగారికి ఇచ్చియున్నాము. బ్లాకుల ఖర్చు ఎక్కువైతే ఒకటే వేస్తామన్నారు. కొత్తదే వేయమన్నాము, పాతది మా ఇంటికి వచ్చి చూడవచ్చును.